కళాబంధువు జేమ్స్ కజిన్స్

‘జనగణమన’ ఆలపించని విద్యార్థి మనదేశంలో ఉండడు. రవీంద్రనాథ ఠాగూరు బెంగాలీలో రచించిన ఈ గీతాన్ని 1911 డిసెంబరులో కలకత్తా కాంగ్రెసు మహాసభలో తొలిసారిగా పాడారు. 1950 జనవరి 24న రాజ్యాంగసభ దీనిని జాతీయగీతంగా స్వీకరించింది. ఈ రెండు తేదీల నడుమ ఆ గీతం ఒక తెలుగు ఊరిలో కొన్నాళ్ళు విడిది చేసింది. అక్కడే దానికి కవి స్వహస్తాలతో ఆంగ్లానువాదం సమకూరింది. అక్కడే దాని బాణీ పాశ్చాత్య స్వరలిపిలోకి ఎక్కింది. ఆ ఊరు అప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె. కవికి అక్కడ ఆతిథ్యమిచ్చిన దంపతులు తెలుగువారు కారు, భారతీయులూ కారు. ఐర్లండు దేశం నుంచి వచ్చిన జేమ్స్ కజిన్స్, మార్గరెట్ కజిన్స్ వారు.

కజిన్స్ అనే ఇంటిపేరుకు ఇంగ్లీషులో జ్ఞాతులని, బంధువులని అర్థం. ఆ పేరును సార్థకం చేసుకున్న కవి జేమ్స్. కళ ద్వారా జాతులు ఒకరినొకరు తెలుసుకోగలవని, అలా తెలుసుకున్న జాతుల మధ్య వైరం నిలవదని ఆయన దృఢంగా విశ్వసించారు. ఆ విశ్వాసంతోనే నలభై సంవత్సరాలు మన దక్షిణదేశంలో కళాశాలలను, చిత్రశాలలను, కళాసంస్థలను తీర్చిదిద్దారు. ఆయన జీవితకాలంలోనే రెండు ప్రపంచయుద్ధాలు జరిగాయి. కనుక ఆ విశ్వాసం ఎంతవరకు నిలిచింది, ఎక్కడ పరీక్షకు గురైంది అని ఆలోచించడానికి ఆయన జీవితం ఒక మంచి అవకాశం.

జేమ్స్ హెన్రీ కజిన్స్ 1873 జూలై 22న ఐర్లండులోని బెల్‌ఫాస్టు నగరంలో జన్మించారు. ఆయన పూర్వులు మతవిద్వేషానికి గురై ఫ్రాన్సు దేశాన్ని విడిచి వచ్చిన హ్యూగెనాట్ శరణార్థులు. కుటుంబం సామాన్యమైనది. పగలు గుమాస్తాగా పనిచేస్తూ, రాత్రి పాఠశాలల్లో చదువుకుంటూ ఆయన స్వయంకృషితో విద్యావంతులయ్యారు. కొంతకాలం బెల్‌ఫాస్టు నగర మేయరు వద్ద కార్యదర్శిగా ఉండి, ఆయన కోసం ప్రసంగపాఠాలు రాసి ఇచ్చేవారు. పరాయివారి ప్రసంగాలు రాస్తూనే తన సొంత గొంతును కవిత్వంలో వెదుక్కున్నారు.

1897లో కజిన్స్ డబ్లిన్ నగరానికి తరలివెళ్ళారు. అది ఐరిష్ సాహిత్య పునరుజ్జీవన కాలం. ఇంగ్లండు పాలనలో మరుగునపడిన పురాగాథలను, ప్రాచీన భాషను, జానపద సంపదను కవులు, నాటకకర్తలు తిరిగి వెలికితీస్తున్నారు. విలియం బట్లర్ యేట్స్, జార్జి రసెల్ ఆ ఉద్యమానికి అగ్రగణ్యులు. కజిన్స్ ఆ బృందంలో చేరి కావ్యాలు ప్రకటించారు, నాటకాలు రచించారు, రంగస్థలం మీద నటించారు కూడా. 1902లో ప్రదర్శితమైన ‘ది రేసింగ్ లగ్’ నాటకం ఆయనకు పేరు తెచ్చింది. కాని యేట్స్‌తో ఆయనకు అభిప్రాయభేదాలు తలెత్తాయి. కజిన్స్ నాటకాలకు ప్రాధాన్యం పెరగడం యేట్స్‌కు రుచించలేదు. నాటకసమాజం చీలిపోయింది. జాతిని ఏకం చేయడానికి పుట్టిన కళాసంస్థలోనే కలహం పుట్టగలదన్న చేదునిజాన్ని కజిన్స్ ముప్పయ్యేళ్ళ ప్రాయంలోనే చవిచూశారు.

1903లో ఆయన మార్గరెట్ గిలెస్పీని వివాహమాడారు. ఆమె డబ్లిన్‌లో సంగీతశాస్త్రం అభ్యసించిన పట్టభద్రురాలు. స్త్రీలకు ఓటుహక్కు కావాలని పోరాడిన వీరవనిత. 1908లో ఐరిష్ మహిళా ఓటుహక్కు సంఘాన్ని స్థాపించినవారిలో ఆమె ఒకరు. ఆ పోరాటంలో లండనులోనూ, ఐర్లండులోనూ కారాగారవాసం అనుభవించారు. ఈ ఉద్యమంలో భర్త ఆమెకు అండగా నిలిచారు. దంపతులిద్దరూ శాకాహారులు, దివ్యజ్ఞాన సమాజ సభ్యులు. ఆ సమాజం ద్వారా వారికి ఉపనిషత్తుల భావధారతోనూ, భారతదేశంతోనూ పరిచయం ఏర్పడింది. ఐర్లండు, భారతదేశం రెండూ ఒకే సామ్రాజ్యం కింద నలుగుతున్నాయి. ఆ రెండు జాతుల పురాగాథల్లోనూ, ఆధ్యాత్మిక చింతనలోనూ సన్నిహిత సంబంధం ఉన్నదని కజిన్స్‌కు తోచింది.

దివ్యజ్ఞాన సమాజ అధ్యక్షురాలు అనీబిసెంటు ఆహ్వానంపై 1915లో ఆ దంపతులు మద్రాసుకు వచ్చారు. ఆమె నడిపే ‘న్యూ ఇండియా’ పత్రికలో కజిన్స్ సాహిత్య విభాగం బాధ్యతలు స్వీకరించారు. అప్పటికి ఐరోపాలో మొదటి ప్రపంచయుద్ధం సాగుతున్నది. 1916 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో దేశభక్తులు బ్రిటిషు ప్రభుత్వంపై తిరుగుబాటు చేశారు. అదే ఈస్టరు తిరుగుబాటుగా చరిత్రకెక్కింది. ప్రభుత్వం దానిని నిర్దాక్షిణ్యంగా అణచివేసింది. అందులో పాల్గొన్న కవులను కాల్చి చంపింది. తిరుగుబాటులో పాల్గొనని, హింసను వ్యతిరేకించే శాంతివాది ఫ్రాన్సిస్ షీహీ స్కెఫింగ్‌టన్‌ను సైతం విచారణ లేకుండానే సైనికులు కాల్చివేశారు. ఆయన కజిన్స్ దంపతులకు ఆప్తమిత్రుడు. ఆయన భార్య హానా మార్గరెట్‌తో కలిసి మహిళాసంఘాన్ని స్థాపించినది.

మిత్రులను కోల్పోయిన ఆ దుఃఖంలో కజిన్స్ తిరుగుబాటుదారులను శ్లాఘిస్తూ ‘న్యూ ఇండియా’లో వ్యాసం ప్రకటించారు. యుద్ధసమయంలో అటువంటి రచన వెలువడడం పత్రిక ఉనికికే ముప్పుగా పరిణమించింది. ఫలితంగా ఆయన ఆ ఉద్యోగాన్ని వదులుకోవలసివచ్చింది. దేశంకాని దేశంలో, ఏడాది తిరగకముందే, జీవనాధారం పోయింది. స్వదేశానికి మరలిపోదామన్నా అక్కడ మిత్రులు లేరు, యేట్స్ బృందంలో ఆయనకు చోటు లేదు. ఆ స్థితిలో ఆయనకు ఆశ్రయమిచ్చిన ఊరు మదనపల్లె.

మదనపల్లె జిడ్డు కృష్ణమూర్తి జన్మస్థలం. హార్సిలీ కొండల చేరువన, చల్లని గాలి వీచే చిన్న పట్టణం. అక్కడ దివ్యజ్ఞాన కళాశాల 1915లో ఆరంభమైంది. రాయలసీమలో ఉన్నత విద్యకు ఆద్యమైన సంస్థ అది. కజిన్స్ అక్కడ ఆంగ్ల సాహిత్యం బోధించడానికి వెళ్ళారు. అక్కడా ఆయనకు రాజకీయ ఝంఝ తప్పలేదు. 1917లో ప్రభుత్వం అనీబిసెంటును నిర్బంధించింది. హోంరూలు ఉద్యమంలో విద్యార్థులు పాల్గొన్నందున ఆ కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయ గుర్తింపును కోల్పోయింది. అప్పుడు అనీబిసెంటు ఒక జాతీయ విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పగా, మదనపల్లె కళాశాల దానికి అనుబంధమైంది. ఆ విశ్వవిద్యాలయానికి కులపతి రవీంద్రనాథ ఠాగూరు. ప్రభుత్వం గుర్తించని పట్టా కోసం చదివే విద్యార్థులు, నిలకడలేని ఆదాయంతో బోధించే అధ్యాపకులు కలిసి ఆ కళాశాలను నిలబెట్టారు.

1919 ఫిబ్రవరిలో దక్షిణదేశ యాత్రలో అలసిన ఠాగూరు విశ్రాంతి కోసం మదనపల్లెకు వచ్చారు. అప్పటికి కజిన్స్ ఆ కళాశాలకు ప్రిన్సిపాలు. వారానికొక సాయంకాలం విద్యార్థులు, అధ్యాపకులు ఒకచోట చేరి తమతమ భాషల్లో పాటలు పాడుకోవడం అక్కడి ఆచారం. ఆ కూటమికి ఠాగూరు కూడా వచ్చి కూర్చున్నారు. తానూ ఒక పాట పాడుతానని ‘జనగణమన’ను వినిపించారు. అక్కడున్న పిల్లలకు బెంగాలీ భాష రాదు. అయినా సింధు గుజరాత మరాఠ వంటి పేర్లు వారికి తెలిసినవే. చివర వచ్చే జయధ్వానానికి భాష తెలియనక్కరలేదు. పిల్లలు దానిని అందుకున్నారు. మళ్ళీ పాడమని కోరి తామూ గొంతు కలిపారు.

తరువాతి రోజుల్లో మార్గరెట్ ఠాగూరు చేత ఆ పాటను పాడించుకొని, బాణీని స్వరలిపిలో రాసుకున్నారు. ఠాగూరు తన గీతాన్ని స్వయంగా ఆంగ్లంలోకి అనువదించి, ఆ ప్రతిని కజిన్స్‌కు అందజేశారు. మదనపల్లె కళాశాలలో అది ప్రార్థనాగీతమైంది. ఆనాడు ఆ గదిలో బెంగాలీ కవి ఉన్నాడు, ఐరిష్ దంపతులు ఉన్నారు, తెలుగు విద్యార్థులు ఉన్నారు. ఇన్ని జాతుల గొంతులు కలిసిన ఆ పాట ఒకనాటికి స్వతంత్ర దేశానికి జాతీయగీతమవుతుందని వారిలో ఎవరూ ఊహించి ఉండరు. తరువాత 1937లో జాతీయగీతం ఏది కావాలన్న చర్చ వచ్చినప్పుడు, ‘జనగణమన’కే ఆ గౌరవం దక్కాలని కజిన్స్ పత్రికాముఖంగా వాదించారు. ఆ ఫిబ్రవరి గడిచిన రెండు నెలలకే జలియన్‌వాలాబాగ్ దురంతం సంభవించింది. దానికి నిరసనగా ఠాగూరు తన బిరుదును త్యజించారు. పాట పుట్టించిన సౌహార్దం తుపాకీని ఆపలేదన్న సత్యం అప్పుడే కళ్ళెదుట నిలిచింది.

కజిన్స్ చేసిన కృషిలో చిత్రకళకు విశిష్ట స్థానం ఉన్నది. ఆ కాలంలో భారతీయుల చిత్రలేఖనాన్ని, శిల్పాన్ని పాశ్చాత్య విమర్శకులు పలువురు ఉత్తమకళగా అంగీకరించేవారు కారు. చదువుకున్న భారతీయులు సైతం ఐరోపా చిత్రాల అనుకరణలనే గొప్పగా భావించేవారు. కలకత్తాలో ఇ.బి. హావెల్ ప్రోత్సాహంతో అవనీంద్రనాథ ఠాగూరు, ఆయన శిష్యులు అజంతా, మొఘలు, రాజపుత్ర సంప్రదాయాల స్ఫూర్తితో కొత్త పంథా తొక్కారు. ఆ చిత్రాలను దక్షిణదేశానికి పరిచయం చేసినవారిలో కజిన్స్ ముఖ్యులు. 1916లో మద్రాసులో ఆ చిత్రాల ప్రదర్శనను ఏర్పాటు చేశారు. 1918లో భారతీయ పునరుజ్జీవనంపై ఒక గ్రంథం వెలువరించారు. మైసూరు చిత్రకారుడు కె. వెంకటప్ప, లాహోరు చిత్రకారుడు అబ్దుర్ రహమాన్ చుగతాయ్ వంటి కళాకారులతో స్నేహం చేసి, వారి ప్రతిభను తన రచనల ద్వారా లోకానికి చాటారు. తాను చిత్రకారుడు కాకపోయినా చిత్రకారులకు ఆత్మబంధువు కాగలిగారు.

ఈ గుణాన్ని మన ఆలంకారికులు సహృదయత్వం అన్నారు. కావ్యాన్ని నిరంతరం అనుశీలించడం చేత మనస్సు అద్దంలా నిర్మలమై, కవి వర్ణించిన భావంతో తాదాత్మ్యం పొందగల యోగ్యత ఉన్నవాడే సహృదయుడని అభినవగుప్తుని వివరణ. అద్దం తన రూపాన్ని ఎదుటివానిపై రుద్దదు. ఎదుటివాని రూపాన్ని ఉన్నదున్నట్లు గ్రహిస్తుంది. కజిన్స్ భారతీయ కళను ఐరోపా కొలతలతో కొలవలేదు. ఈ దేశపు కళను ఈ దేశపు తత్త్వచింతనతో కలిపి అర్థం చేసుకోవాలన్నది ఆయన పద్ధతి. అందుకు ముందుగా నేర్చుకోవలసినది ఓర్పు. పరదేశపు కళ మొదటి చూపులో వింతగా తోచవచ్చు. ఆ వింత పరిచయంగా మారేవరకు దాని ముందు నిలబడగలగాలి.

1919లో కజిన్స్ జపాను వెళ్ళారు. ఆంగ్లంలోనూ జపనీసులోనూ కవిత్వం చెప్పిన యోనె నొగుచీ ఆహ్వానంపై టోక్యోలోని కియో విశ్వవిద్యాలయంలో ఒక సంవత్సరం ఆంగ్లకవిత్వం బోధించారు. ఆ విశ్వవిద్యాలయం 1922లో ఆయనకు డాక్టరేటు ప్రదానం చేసింది. భారతదేశం నుంచి చైనా మీదుగా జపాను దాకా బౌద్ధం వెంట ప్రయాణించిన కళాసంప్రదాయాన్ని ఆయన అక్కడ ప్రత్యక్షంగా చూశారు. ఆసియా ఖండపు సాంస్కృతిక ఏకత్వాన్ని ప్రతిపాదిస్తూ 1922లో ఒక పుస్తకాన్ని, తన జపాను అనుభవాలను వివరిస్తూ 1923లో మరొక పుస్తకాన్ని ప్రకటించారు. ఒక దేశపు కవి మరొక దేశంలో మూడవ దేశపు భాషాసాహిత్యాలను బోధించడం ఆ కాలానికి అరుదైన సంగతి.

జపాను నుంచి తిరిగి వచ్చిన తరువాత 1922లో అడయారులో ఆరంభమైన బ్రహ్మవిద్యాశ్రమానికి కజిన్స్ నాయకత్వం వహించారు. అన్ని దేశాల మతాలను, తత్త్వాలను, కళలను ఒకే పాఠ్యక్రమంలో అధ్యయనం చేయడం ఆ సంస్థ లక్ష్యం. 1924లో మైసూరు మహారాజు నాలుగవ కృష్ణరాజ ఒడెయరు ఆదరణతో జగన్మోహన ప్రాసాదంలో ఆధునిక భారతీయ చిత్రాల సంచయం రూపొందడానికి తోడ్పడ్డారు. ఐరోపా, అమెరికా దేశాల్లో పర్యటించి భారతీయ చిత్రకళ గురించి ఉపన్యాసాలిచ్చారు. రాజప్రాసాదాల్లో దాగిన కళ సామాన్యుల కంటబడాలన్నది ఆయన ఆకాంక్ష.

ఇంతలో మార్గరెట్ తన మార్గంలో తాను సాగుతున్నారు. 1917లో భారత మహిళా సంఘ స్థాపనలోనూ, 1927లో అఖిల భారత మహిళా సభ ఆవిర్భావంలోనూ ఆమె ప్రముఖపాత్ర వహించారు. మనదేశంలో గౌరవ మేజిస్ట్రేటుగా నియమితురాలైన తొలి మహిళ ఆమె. ప్రభుత్వం ప్రజల వాక్స్వాతంత్ర్యాన్ని అణచే శాసనాలు తెచ్చినప్పుడు మద్రాసులో బహిరంగంగా ప్రసంగించి వాటిని ఖండించారు. ఫలితంగా 1932 డిసెంబరులో అరెస్టయి, ఏడాది శిక్షతో వేలూరు జైలుకు వెళ్ళారు. ఇంగ్లండు, ఐర్లండు, భారతదేశం మూడింటా ఆమె జైలుగోడలు చూశారు. శాంతి అంటే అన్యాయం ఎదుట మౌనం వహించడం కాదని ఆ దంపతుల జీవితం తెలుపుతుంది. 1933లో కజిన్స్ మళ్ళీ మదనపల్లె కళాశాల ప్రిన్సిపాలుగా బాధ్యతలు స్వీకరించి, 1937 వరకు కొనసాగారు.

ఆ సంవత్సరాల్లోనే ఆయన తిరువాన్కూరు సంస్థానానికి కళాసలహాదారుగా కూడా సేవలందించారు. 1935లో తిరువనంతపురంలో శ్రీచిత్రాలయం ప్రారంభమైంది. ఆ చిత్రశాల కూర్పులో కజిన్స్ దృష్టి స్పష్టంగా కనిపిస్తుంది. రాజా రవివర్మ తైలవర్ణ చిత్రాలకు, బెంగాల్ శైలి చిత్రాలకు మధ్య ఆ రోజుల్లో విమర్శకుల వాగ్వాదం తీవ్రంగా ఉండేది. శ్రీచిత్రాలయంలో ఆ రెండింటికీ చోటు దొరికింది. వాటి సరసనే చైనా, జపాను, టిబెట్టు, బాలిద్వీప చిత్రాలు, రష్యా దేశీయులైన నికొలస్ రోరిక్, ఆయన కుమారుడు స్వెతొస్లావ్ రోరిక్ గీసిన హిమాలయ దృశ్యాలు కొలువుదీరాయి. ఒకే కప్పు కింద ఇన్ని దేశాల చిత్రాలను చూసే భాగ్యం కేరళ ప్రజలకు కలిగింది.

నికొలస్ రోరిక్ పేరు ఇక్కడ ప్రత్యేకంగా స్మరించదగినది. యుద్ధకాలంలో ఆస్పత్రులను రెడ్‌క్రాస్ గుర్తు కాపాడినట్లే, దేవాలయాలను, గ్రంథాలయాలను, చిత్రశాలలను ఒక శాంతిపతాకం కాపాడాలని ఆయన ఉద్యమించారు. తెల్లని వస్త్రంపై ఎర్రని వలయం, దానిలో మూడు ఎర్రని బిందువులు ఆ పతాకపు చిహ్నం. 1935 ఏప్రిల్ 15న వాషింగ్టన్‌లో అమెరికా ఖండపు దేశాలు రోరిక్ ఒడంబడికపై సంతకాలు చేశాయి. యుద్ధంలో సాంస్కృతిక సంపద రక్షణకు 1954లో హేగ్ నగరంలో జరిగిన అంతర్జాతీయ ఒప్పందానికి ఇది పూర్వరంగమైంది. రోరిక్ శాసనం ద్వారా కళను రక్షించాలని కృషి చేస్తే, కజిన్స్ పరిచయం ద్వారా కళను ప్రేమింపజేయాలని కృషి చేశారు.

1935 డిసెంబరు చివరిలో అడయారులోని మహావటవృక్షం నీడలో రుక్మిణీదేవి అరండేల్ తొలిసారిగా భరతనాట్యం ప్రదర్శించారు. అప్పటి సంఘంలో చిన్నచూపుకు గురైన ఆ నాట్యాన్ని గౌరవకుటుంబానికి చెందిన స్త్రీ ప్రదర్శించడం సంచలనం కలిగించింది. ఆ మరుసటి వారంలో, 1936 జనవరి 6న, ఒక కళాసంస్థను నెలకొల్పాలని కొద్దిమంది సంకల్పించారు. వారిలో రుక్మిణీదేవి, ఆమె భర్త జార్జి అరండేల్‌తోపాటు కజిన్స్ కూడా ఉన్నారు. ఆ సంస్థ మొదటి పేరు అంతర్జాతీయ కళల అకాడమీ. అదే తరువాత కళాక్షేత్రంగా ప్రసిద్ధి పొందింది. తెలుగు పదాలు, త్యాగరాజ కృతులు అక్కడి శిక్షణలో విడదీయరాని భాగం. మేలట్టూరులో తరతరాలుగా నిలిచిన తెలుగు భాగవతమేళ నాటకాలకు ఆ సంస్థ కొత్త వేదిక కల్పించింది.

ఈ సందర్భంలో భరతముని నాట్యశాస్త్రంలోని తొలి కథ గుర్తుకు వస్తుంది. దేవతల విజయాన్ని, అసురుల పరాజయాన్ని ప్రదర్శించే మొదటి నాటకం ఆడుతుండగా అసురులు అవమానం పొంది విఘ్నాలు కల్పించారు. అప్పుడు బ్రహ్మ వారిని పిలిచి, నాట్యం దేవతల పక్షం వహించేది కాదని, మూడు లోకాల భావాలను అనుకరించి చూపేదని నచ్చజెప్పాడు. కళ ఒక పక్షానికి ఆయుధమైతే కలహం పుడుతుందని, అందరి సుఖదుఃఖాలను చూపినప్పుడే అందరిదీ అవుతుందని ఈ కథ సారాంశం. అంతర్జాతీయ కళల అకాడమీ అన్న పేరులో ఉన్న ఆశయమూ ఇదే.

ఆ ఆశయానికి పరీక్ష త్వరలోనే ఎదురైంది. 1937లో జపాను చైనాపై దండెత్తింది. ఏ జపానులో కజిన్స్ ఆసియా ఏకత్వాన్ని దర్శించారో ఆ జపాను సైన్యం అదే ఏకత్వం పేరు చెప్పి పొరుగుదేశాన్ని ధ్వంసం చేసింది. కజిన్స్‌ను టోక్యోకు ఆహ్వానించిన నొగుచీ 1938లో ఆ యుద్ధాన్ని సమర్థిస్తూ ఠాగూరుకు లేఖ రాశారు. ఠాగూరు ఎంతో వేదనతో, అంతే దృఢత్వంతో దానిని ఖండించారు. ఇద్దరూ కవులే, ఇద్దరూ చిరకాల మిత్రులే. కవిత్వం వారిని కలిపింది, యుద్ధం విడదీసింది. మరుసటి సంవత్సరం రెండవ ప్రపంచయుద్ధం ఆరంభమైంది. ప్రపంచంలో అత్యున్నత సంగీతం, చిత్రకళ వర్ధిల్లిన దేశాలే అందులో పరస్పరం సంహరించుకున్నాయి.

అయితే కజిన్స్ విశ్వాసం వట్టి భ్రమేనా? కళ తనంత తాను శాంతిని తేలేదన్న మాట నిజం. ఆసియా ఏకత్వం వంటి విశాలమైన మాటలను అధికారదాహం గలవారు తమకు అనువుగా వాడుకోగలరన్న మాటా నిజమే. కాని కజిన్స్ జీవితంలో మిగిలినవి మాటలు కావు. గుర్తింపు కోల్పోయి కూడా తలుపులు మూయని ఒక కళాశాల, భాష తెలియని పిల్లలు గొంతెత్తి పాడిన ఒక పాట, విభిన్న శైలులకు సమానాదరం లభించిన ఒక చిత్రశాల, నాట్యానికి గౌరవం తెచ్చిన ఒక సంస్థ మిగిలాయి. యుద్ధాన్ని ఆపగల శక్తి వీటికి లేదు. యుద్ధం ముగిసిన తరువాత మనుషులు మళ్ళీ ఒకచోట కూర్చోవడానికి కావలసిన చాప మాత్రం ఇవి పరచి ఉంచాయి.

ఇటువంటి కృషి తెలుగునేలపై మరికొన్ని చోట్ల కూడా జరిగింది. రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలుగా పనిచేసిన ఆంగ్లేయుడు ఆస్వాల్డ్ కూల్డ్రే, దామెర్ల రామారావు, అడివి బాపిరాజు వంటి తెలుగు యువకులలోని కళాభినివేశాన్ని గుర్తించి ప్రోత్సహించారు. పాలకజాతికి చెందిన గురువు, పాలితజాతికి చెందిన శిష్యులు చిత్రకళ ద్వారా ఆత్మీయులయ్యారు. గుంటూరు జిల్లా తుమ్మపూడికి చెందిన సంజీవదేవ్ కులూలోయలో రోరిక్ కుటుంబంతో గడిపి, తిరిగి స్వగ్రామానికి వచ్చి, దేశవిదేశాల కళాకారులతో జీవితాంతం లేఖామైత్రి సాగించారు. మహానగరం ఆవశ్యకత లేకుండానే పల్లెటూరి గడపలో కూర్చుని ప్రపంచ కళాకుటుంబంలో సభ్యులు కావచ్చునని ఆయన నిరూపించారు.

కజిన్స్ జీవిత ఉత్తరార్ధంలో హిందూమతాన్ని స్వీకరించి జయరామ్ అనే పేరు ధరించారు. 1940 దశకంలో మార్గరెట్ పక్షవాతానికి గురయ్యారు. దేశదేశాలు తిరిగిన ఆమె మంచానికే పరిమితమయ్యారు. 1950లో దంపతులిద్దరూ కలిసి రాసుకున్న ఆత్మకథ వెలువడింది. ఒకే పుస్తకంలో భార్యాభర్తలు తమతమ అనుభవాలను పక్కపక్కనే చెప్పుకోవడం దాని విశేషం. మార్గరెట్ 1954 మార్చి 11న మరణించారు. రెండేళ్ళు గడవకముందే, 1956 ఫిబ్రవరి 20న, కజిన్స్ మదనపల్లెలో కన్నుమూశారు. నలభై ఏళ్ళనాడు ఉద్యోగం కోల్పోయిన పరదేశికి ఆశ్రయమిచ్చిన ఊరే ఆయనకు చివరి మజిలీ అయింది. తన దేశపు మహాకవుల పంక్తిలో ఆయనకు పెద్దపీట దక్కలేదు. ఆ లోటును ఆయన పరాయి దేశాల కళాకారులకు పీటలు వేయడంలో మరచిపోయారు.

నేడు హైదరాబాదులో మియాపూర్ నుంచి హైటెక్ సిటీ దాకా ప్రతి ఉదయం వేలాది యువతీయువకులు కార్యాలయాలకు తరలివెళుతుంటారు. వారు టోక్యోలోనూ, డబ్లిన్‌లోనూ ఉన్న సహోద్యోగులతో కంప్యూటరు తెర మీద నిత్యం సంభాషిస్తారు. కజిన్స్ ఓడ మీద వారాల తరబడి దాటిన దూరాన్ని వారు క్షణంలో దాటుతున్నారు. దూరం తగ్గినంత మాత్రాన స్నేహం పెరగదు. తెరకు ఆవలి మనిషి ఏ పాట పాడుకుంటాడో, అతని ఇంటి గోడ మీద ఏ బొమ్మ ఉన్నదో అడిగి తెలుసుకునే తీరిక, ఆసక్తి కావాలి. మన పాటను అతనికి వినిపించి, అతని పాటను ఓర్పుతో వినగలగాలి. 1919లో మదనపల్లెలో ఒక సాయంకాలం జరిగినది ఇదే. జాతీయగీతం పాడిన ప్రతిసారీ ఆ సాయంకాలాన్ని, ఆ కూటమికి ఆతిథ్యమిచ్చిన కళాబంధువును స్మరించుకోవడం మన కర్తవ్యం.